మా చిన్నాన్న చేసిన అరగని ఉండలు

మా చిన్నప్పుడు... కాలువకు కొత్తనీళ్లు వదులుతున్నారంటే చాలు, రూపనగుడిలో మా వీధి ఇత్తడి బిందెలన్నీ బయటికి వచ్చేవి. తొలి నీళ్లు తెచ్చే బిందె తళతళలాడాలి. ఎవరిది ఎక్కువ మెరిసిందో పైకి ఎవరూ అనరు... అందరూ చూస్తారు.

ఏటా ఆ గౌరవం మా అవ్వదే. అవ్వ అంటే మా నాన్నమ్మ.

ఆమె ఆయుధం అంట్లు తోమే ఉండ. వడ్ల ఊకను తెల్లగా కాల్చి, ఆ బూడిదను జల్లించి, కుంకుడు రసమూ ఎండిన నిమ్మతొక్కల పొడీ వేసి పిసికి ఉండలు కట్టేది. చేతిలో నలిపితే చాలు, పొడిపొడి అయ్యేవి.

ఈ వ్యవస్థలో నాకూ ఒక పదవి ఉండేది. తోమిన బిందె ముందు కూర్చుని పళ్లికిలించాలి. పళ్లు విడివిడిగా కనపడితే బిందె పాసు. ముందుపన్ను ఊడిన ఏడాది కూడా నేను రాజీనామా చేయలేదు.

సరిగ్గా ఆ ఏడాదే మా చిన్నాన్నకు కుడతిని కరెంటు ప్లాంటులో పని దొరికింది. ఒక సాయంత్రం బండి మీద బూడిద బస్తా తెచ్చి వాకిట్లో దించాడు.

"ఏందప్పా ఇది?" అంది అవ్వ.

"బూడిదేమా. ఆడ గుట్టలు గుట్టలు ఉండాది. నువ్వు ఈడ పొగలో కండ్లు నలుపుకుంటా ఊక కాలుస్తాండావు."

"బొగ్గు బూడిద గదప్పా అది."

"బూడిదంటే బూడిదే. సుమ్నే ఉండుమా, నేను చేస్తా."

చేశాడు. అవ్వ ఉండలు ఊరికే పొడైపోతాయని ఆయనకు ఎప్పటినుంచో దిగులు... అందుకని గోడలకు వేయగా మిగిలిన సున్నం కూడా కలిపాడు. ఇంట్లోని కుంకుడుకాయలన్నీ అందులోకే పోయాయి. పాత ఊక బూడిదను చేనుకు తోలేశాడు. ఉండలు పగలకూడదని తడి గోనెసంచి కప్పి, పూటపూటా నీళ్లు చల్లాడు. పసిబిడ్డను కూడా అంత శ్రద్ధగా ఎవరూ పెంచరు.

రేపు పొద్దున నీళ్లొస్తాయని కబురు వచ్చింది. అవ్వ ఒక ఉండ తీసుకుని నలిపింది. నలగలేదు. నీళ్లలో వేసింది. కరగలేదు. చిన్నాన్న రోకలి తెచ్చి ఒక పోటు వేశాడు... రోకలి ఎగిరి పక్కన పడింది.

"ఏమప్పా, బిందె తోమేదానికి చేయమంటే ఇల్లు కట్టేదానికి చేసినావా?"

"గట్టిగా వచ్చినాయి మా," అన్నాడు చిన్నాన్న. ఆ గొంతులో కాస్త గర్వం కూడా వినపడింది.

బిందె చూస్తే నల్లగా ఉంది. అవ్వ ముఖం అంతకంటే నల్లబడింది. ఊక లేదు, కుంకుళ్లు లేవు... ఇన్నేళ్ల గౌరవం తెల్లారితే కాలువ పాలు. ఆమె కాసేపు బిందెనే చూసి, లోపలికి వెళ్లి, చారుకు పిసికిన చింతపండు పిప్పి, గుప్పెడు గల్లుప్పు తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టింది.

"తోము. వీడి పళ్లు కనపడేదాకా లెయ్యాకు."

ఆయన తోమాడు, నేను ఇకిలించాను. కనపడలేదు. మళ్లీ తోమాడు. ఆయనకు భుజాలు, నాకు దవడలు పీకాయి. చివరికి నా పళ్లే కాదు, ఊడిన పన్ను సందు కూడా బిందెలో స్పష్టంగా దర్శనమిచ్చింది.

మరుసటి పొద్దున కాలువ గట్టు మీద వీధి ఆడవాళ్లందరూ మా బిందెనే చూశారు. ఒకామె ఆగలేక అడిగింది.

"ఏం పెట్టి తోమినావమ్మా ఇంత బాగా?"

"మా చిన్నకొడుకును పెట్టి," అంది అవ్వ.

ఏళ్ల తర్వాత సివిల్ ఇంజినీరింగ్ క్లాసులో మా సారు చెప్పారు... ప్లాంటు బూడిదలో సున్నం కలిపి, తడి ఆరకుండా ఉంచితే ఇటుక అవుతుందని. అందరూ రాసుకున్నారు. మా వంశంలో ఆ పరిశోధన ఎప్పుడో ముగిసింది కాబట్టి నేను రాసుకోలేదు. కుంకుడు రసం సంగతి మరిచిపోయారేమో అని మాత్రం అనిపించింది.

ఆ ఉండల్లో మూడు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. ఇత్తడి బిందె దొర్లకుండా అవ్వ దాని కింద వాటినే కుదురుగా పెట్టింది. చెక్కు చెదరలేదు.

ఇప్పుడు నీళ్లకు స్టీలు బిందెలు... తోమడానికి సీసాలో పచ్చటి సబ్బునీళ్లు. అవ్వ కూడా అదే వాడుతోంది. ఒక్క చుక్కకే అన్నీ మెరిసిపోతాయి. నాకేమో పళ్లన్నీ వచ్చేశాయి... ఇకిలించి చూపించమని అడిగేవాళ్లే లేరు.

మీ ఇంట్లో బిందెను పాసు చేసే పదవి ఎవరిది? పళ్లా, ముక్కా, ఇంకేమైనానా... కింద చెప్పండి.