గడియలు ఊడిన కిటికీలు

స్ఫాక్స్ రేవుపట్నంలో హాజీ తైజానీ చెప్పుల కార్ఖానాలో ముంజియా ఇరవై రెండేళ్లుగా అడుగు అట్టలకు జిగురు పూస్తోంది. ఎడారి గాలి వీచిందంటే పూసిన జిగురు అతికించేలోపే ఎండిపోతుంది. అందుకే వేసవి రాగానే కిటికీలు బిగించేయడం అక్కడి ఆనవాయితీ. అందరికంటే పాత మనిషి కాబట్టి గడియలు వేసే పని ఆమెదే.

ఆ ఏడు ఆమె కాళ్లు మొద్దుబారాయి. నమాజుకు నిలబడితే కింద చాపుందో నేలుందో తెలిసేది కాదు. వేళ్లు రొట్టె తుంచలేకపోతే, పక్కన పనిచేసే జలీలా తుంచి, నూనెలో అద్ది, చేతిలో పెట్టేది.

"పనిదొంగకి రోగాలెక్కువ," అన్నాడు హాజీ, అందరూ వింటుండగా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె కాలికి తీగలు అంటించి, చిన్నచిన్న కరెంటు దెబ్బలు కొట్టి, తెరమీద గీతలు చూసింది.

"నరం బతికున్న తీగ, పెద్దమ్మా. దాని గోడలోంచి ఉప్పు రేణువులు లోపలికీ బయటికీ దాటుతుంటే కరెంటు పుడుతుంది. పైన కొవ్వు తొడుగుంటే అది గంతులేస్తూ పరుగెడుతుంది. సెకనుకు యాభై మీటర్లు పోవాల్సింది, నీకు ఇరవై దగ్గర ఈడుస్తోంది. తొడుగు పాడైంది."

"ఎందువల్ల?"

"జిగురు ఆవిరి. కిటికీలు తెరిచే ఉంటాయా?"

"వేసవంతా మూసే ఉంటాయి," అంది ముంజియా.

"ఆ పని మానితే కొన్నాళ్లు ఇంకా ముదిరి, తర్వాత మెల్లగా కోలుకుంటావు. ఎంతవరకన్నది దేవుడికే తెలియాలి. ఇంకెవరికైనా ఉందా?"

బొటనవేళ్లలో చీమలు పాకుతున్నాయని జలీలా మొన్ననే అంది.

దారి పొడుగునా ముంజియా లోపల కోపం కుతకుత ఉడికింది. సగం హాజీ మీద, సగం గడియలు వేసిన తన చేతుల మీద. కార్ఖానాలో అడుగుపెడుతూనే సుత్తి అందుకుంది. మొద్దుబారిన వేళ్లకు పట్టు తెలియక రెండు చేతులా పట్టుకుని, గడియలన్నీ ఊడగొట్టింది.

"పిచ్చెక్కిందా నీకు? జిగురెండిపోతోంది!" అరిచాడు హాజీ.

"ఎండనీ! దాని ఆవిరికి నాతో పనిచేసే ఈ పిల్లల కాళ్లు చచ్చిపోతుంటే లేవని నోరు ఇప్పుడు లేచిందా? మక్కా వెళ్లి ఏం తెచ్చుకున్నావయ్యా, ఆ పవిత్ర జలం సీసాయేనా?"

"ఇలా అవుతుందని నాకేం తెలుసు!"

"నాకూ తెలీదు. ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది. ఇక మూస్తే పాపమే."

హాజీ ఆమెను బయటికి పొమ్మని, గడియలు మళ్లీ బిగించమని వడ్రంగికి కబురుపెట్టాడు. ముంజియా కదల్లేదు, కిటికీకి వీపానించి కూలబడింది. జలీలా వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే, కార్ఖానాలో పనిచేసే పన్నెండుమందీ.

వడ్రంగి వచ్చి చూసి, పనిముట్ల సంచీ కింద పెట్టలేదు.

"ముందు వీళ్లని లేవమనండి, హాజీ."

ఎవరూ లేవలేదు.