పదికి ఆగని మీటరు

వీధిలో అందరికీ ఆమె పూతక్క. పెరటి షెడ్డులో ఆకుపచ్చ నీళ్ల తొట్టి ఉంటుంది. ఇత్తడి సామాను అందులో వేలాడదీసి కరెంటు పంపితే నికెల్ పూత పట్టి తళతళలాడుతూ బయటికొస్తుంది. పని నచ్చిందా అని ఆమె ఎవరినీ అడగదు. వచ్చినవాళ్లు ఆ మెరుపులో ముఖం చూసుకుని జుట్టు సర్దుకుంటే పాసైనట్టే.

ఆ మధ్యాహ్నం తొట్టిలో ఒక బూర వేలాడుతోంది. బ్యాండులో వెనక వరుసలో ఉండే అబ్బాయిది. ఆ సాయంత్రమే అతను మొదటిసారి ముందుకొచ్చి ఒక్కడే వాయించాలి. ఆరింటికల్లా కావాలని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

బూరకి, పారిన కరెంటుని లెక్కపెట్టే మీటరు మీద పది వచ్చేదాకా ఉంచితే సరిపోతుందని పూతక్క లెక్క. పాత మీటరు పాడైతే, కాలేజీ ల్యాబులో పనిచేసే అల్లుడు నిన్ననే కొత్తది బిగించి వెళ్లాడు.

స్విచ్ వేసి చేయి వెనక్కి తీసుకునేలోపే అంకె పది దాటేసింది. వెంటనే కట్టేసింది. తీసి చూస్తే బూర ఇత్తడి రంగులో అలాగే ఉంది. మళ్లీ వేసినా అదే తంతు. అల్లుడికి ఫోన్ కలిపింది.

"బాబూ, మీరు పెట్టింది మీటరా, పందెం గుర్రమా? పది అనేలోగా వందకి పోతోంది."



"చెప్పడం మర్చిపోయానత్తయ్యా. పాతది ఆంపియర్ గంటల్లో చూపించేది. ఇది కూలూంబుల్లో చూపిస్తుంది. ఒక ఆంపియరు ఒక్క సెకను పారితే ఒక కూలూంబు. గంటంతా పారితే మూడువేల ఆరువందలు."

"చెంచాలు అడిగితే పంచదార పలుకులు లెక్కపెట్టి ఇచ్చారన్నమాట."

"మరే. మీ పదికి ఇందులో ముప్పై ఆరువేలు రావాలి."

"మా అమ్మాయికి మీ వయసైనా ఏళ్లలో చెప్పారా, సెకన్లలోనా?"

అల్లుడు నవ్వేశాడు. అడగకుండా స్విచ్ వేసింది తనే కాబట్టి ఆమె కూడా నవ్వి ఊరుకుంది.

మధ్యలో ఆగిన పూత మీద ఇంకో పూత పట్టుకోదు. బూరని పల్చని యాసిడ్లో ముంచి, కడిగి, మళ్లీ వేలాడదీసింది. అంకె వందలు, వేలు దాటుతుంటే వేళ్లు వాటంతటవే స్విచ్ వైపు పోతున్నాయి. చేతులు కట్టుకుని కూర్చుంది. ముప్పై ఆరువేలు కనపడ్డాకే లేచింది.

ఆరింటికి అబ్బాయి వచ్చాడు. బూర అందుకుని అటూ ఇటూ తిప్పాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. జేబులోంచి దువ్వెన తీశాడు.

"ఆ వంపులో ముక్కు పెద్దగా కనపడుతుంది," అంది పూతక్క. "కంగారుపడకు, నీది మామూలుగానే ఉంది."