పక్క లేన్

పొద్దున శంకర్ నగర్ సిగ్నల్ దగ్గర ఎవరి కారో ఆవిర్లు కక్కింది. రేడియేటర్‌లోంచి కారి కాగిన కూలెంట్ తియ్యటి వాసనకి పాత రేసొకటి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నయా రాయపూర్ రోడ్డు మీద, రెండేసి కార్లు పక్కపక్క లేన్లలో పోటీపడే డ్రాగ్ రేసులో మా మావయ్య కారు అదుపు తప్పి, అడ్డుగా పేర్చిన టైర్లను గుద్దింది. మావయ్యకేం కాలేదు కానీ కారు ముందు భాగం చితికిపోయింది. తర్వాతి పరుగుకి పిలిచేలోగా బాగుచెయ్యాలని స్నేహితులంతా దాని మీద పడ్డారు. నేనేమో ఇంటికెళ్దామని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"ఆగవే, జల్దీ చేస్తన్నాం కదా! రేడియేటర్ పగిలిపోనాది, అదొక్కటి దొరికితే చాలు," అని మావయ్య విసుక్కున్నాడు.

తర్వాతి పరుగులో మావయ్యతో పోటీపడాల్సిన సర్దార్జీ తన స్పేర్ రేడియేటర్ తెచ్చి తనే బిగించాడు. ఇద్దరూ రాజీపడ్డారు, ఇక పోటీ లేదనుకుని నీళ్ళ సీసా మెడలో వేసుకుని ఇంటికి సిద్ధమయ్యాను. కాసేపటికి రెండు కార్లూ పక్కపక్కనే దూసుకెళ్ళాయి. సర్దార్జీయే గెలిచాడు.

ఏడుపు ముఖంతో వెళ్ళి, "క్యోం దియా?" అని, రేడియేటర్ ఎందుకిచ్చావని ఆయన్ని నిలదీశాను.

"నహీ దేతా తో అకేలే దౌడ్‌తా, బేటీ," అన్నాడు. ఇవ్వకపోతే ఒక్కడే పరిగెత్తాల్సి వచ్చేదట. అదీ ఒక కారణమేనా అని ఉడుక్కున్నాను.

ఇప్పుడు రోజూ ఆ రేసు జరిగిన రోడ్డు మీదే ఆఫీసుకి వెళ్తున్నాను. ఎంత వేగంగా నడిపినా ముందున్నట్టే అనిపించదు. పక్క లేన్‌లో ఎవరూ ఉండరు.