మా అక్క వెనక మొదలైన లైను

మా బావని పార్కులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. లైను మాస్టారు అంటారు. జెయింట్ వీల్ ముందు నిలబడి జనాన్ని వరసలో పెట్టడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే చోటు, అదే నీలం చొక్కా, అదే ఈల. ఆ వీల్ తిప్పే మీట దగ్గర కూర్చునేది నేను. నాకా ఉద్యోగం వేయించింది ఆయనే కాబట్టి ఆయన గురించి చెడ్డగా మాట్లాడకూడదు. అయినా మాట్లాడతాను. ఆయన కట్టుకున్నది మా అక్కని మరి.

ఆయనకి లైనంటే ప్రాణం. వీల్ ముందు ఇనప కమ్మీలతో పద్నాలుగు మలుపుల దారి ఉంటుంది. దాని చివర ఒక తాడు, తాడుకి కొక్కెం. ఆ కొక్కెం ఆయన చేతిలో ఉన్నంతసేపూ మంత్రిగారైనా, సొంత బావమరిదైనా మలుపులన్నీ తిరిగి రావలసిందే. "మావాళ్ళు ముందున్నారండీ" అంటూ ఎవరైనా దూరబోతే, "అంత ప్రేమగా ఉంటే వాళ్ళనే వెనక్కి పిలవండి" అంటాడు. ఇరవై నిమిషాలు పట్టేదానికి నలభై అని చెబుతాడు. ఇరవైలో ముందుకొచ్చినవాళ్ళు లాటరీ తగిలినట్టు మురిసిపోతారు.

ఒకసారి పన్ను నొప్పితో, వాచిన బుగ్గ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ జనం అడ్డదిడ్డంగా కూర్చుని ఉండడం చూసి తట్టుకోలేక, ఎవరు ముందొచ్చారో ఆరా తీసి అందర్నీ వరసగా కూర్చోబెట్టాడు. అంతా అయ్యాక చూసుకుంటే తను అందరికన్నా చివర. ఆయన వంతు వచ్చేసరికి డాక్టరు భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ బుగ్గతోనే డ్యూటీకి వచ్చి, మూతి ఒక పక్కకి లాగి ఈల ఊదాడు.

ఇంట్లో ఆయన పిచ్చి వేరే. అది కరెంటు. ఇంట్లోంచి ఆఖరున బయటికొచ్చేది ఎప్పుడూ ఆయనే. స్విచ్చులన్నీ ఆర్పి, తాళం వేసి, వీధి మలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, తాళం తీసి, వంటింట్లో లైటు ఆరిందో లేదో చూసి వస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది వెలుగుతూ కనబడలేదు. ఆ రెండో తనిఖీ పుణ్యమా అని మాకు ఒక రైలు తప్పిపోయింది.

ఈ మహానుభావుడు పెళ్ళైన కొత్తలో మా అక్కకి మాటిచ్చాడు. "నిన్ను వీల్ ఎక్కిస్తాను. పైనించి మన ఇల్లు కనిపిస్తుంది."

"మీరు ఎక్కి చూశారా?" అంది అక్క.

"లేదు. మన మేడ మీంచి వీల్ కనిపిస్తుందిగా. వీల్ మీంచి మేడ కనిపించదా?"

అక్కకి ఆ లెక్క నచ్చలేదు. కళ్ళతో చూస్తే గాని నమ్మనంది. అడ్డొచ్చింది ఒకే ఒక్క రూలు. లైనులో ఎవరూ లేనప్పుడు మాత్రమే సిబ్బందీ, వాళ్ళ కుటుంబాలూ ఎక్కవచ్చని మా డ్యూటీ గదిలో గోడ మీద రాసి ఉంటుంది. లైనులో ఎవరూ లేకపోవడమనేది ఇన్నేళ్ళలో జరగలేదు. వాన పడితే జనం ఉండరు గానీ వీల్ ఆపేస్తారు. సెలవు రోజు మరమ్మతులు. "టికెట్టు కొనుక్కుని ఎక్కెయ్ అక్కా" అని నేనంటే నా మీద విరుచుకుపడింది. "మొగుడు కాపలా కాసే గేటుకి నేను టికెట్టు కొనుక్కుని వెళ్ళాలిట్రా? సిగ్గులేదూ చెప్పడానికి!"

ఇంతలో బావ రిటైరయ్యే రోజు దగ్గరపడింది. నెలాఖరు దాటితే ఆయన సిబ్బంది కాదు, అక్క సిబ్బంది కుటుంబమూ కాదు. పోనీ నా తరఫున ఎక్కిద్దామంటే తోబుట్టువులు కుటుంబం కిందికి రారట. అక్క మేడ మీద బట్టలు ఆరేస్తూ వీల్ వంక చూడడం మానేసింది. అది చూసి బావ కుంగిపోయాడు. ఆయన మీద నాకు మొదటిసారి జాలి వేసింది.

సరిగ్గా అప్పుడే మేనేజరుకి ఒక ఆలోచన తట్టింది. ఆరింటికి పార్కు మూసేశాక, మూడింతల టికెట్టు కొన్న అరవై మందికి మాత్రం మళ్ళీ తెరుస్తారు. తొమ్మిది దాకా పార్కంతా వాళ్ళదే. చేతికి బంగారు రంగు పట్టీ కడతారు.

"వాళ్ళు కొనుక్కునేది లైను లేకపోవడాన్ని, మాస్టారూ," అని బావకి విడమరిచి చెప్పాడు. "కమ్మీల మధ్య తిప్పకండి. పక్క గేటు తెరిచి ఉంచండి. వాళ్ళు తిరుగుతున్నప్పుడు ఇంకెవర్నీ ఎక్కించకండి."

లైను లేకపోవడాన్ని డబ్బిచ్చి కొంటారన్న మాట బావకి మింగుడుపడలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఉన్నట్టుండి మొహం వెలిగింది. లైను లేదంటే అక్క ఎక్కవచ్చు! మొదటి ప్రత్యేక సాయంత్రం ఇరవై ఎనిమిదిన. ఆయన రిటైరయ్యేది ముప్పైన. మేనేజర్ని అడిగితే, "రూలు తప్పకుండా ఏం చేసుకున్నా మీ ఇష్టం" అన్నాడు.

ఆ రోజు బావకి సాయంత్రం డ్యూటీయే. అక్కా, ఆయనా కలిసే ఇంట్లోంచి బయల్దేరారు. వస్తూనే అక్క నా చెవిలో ఊదింది. "ఏరా, మీ బావకి ఒంట్లో బాగుందంటావా? మలుపు దాకా వచ్చి కూడా వెనక్కి వెళ్ళలేదు."

పట్టీలవాళ్ళు ముందు వేరే ఆటల వైపు పరిగెత్తారు. వీల్ ఆగి ఉంది. ఎదురుగా ఒక్క పురుగు లేదు. నేను మీట మీద చెయ్యి వేసి సిద్ధంగా ఉన్నాను. అక్క తిన్నగా పక్క గేటులోకి రాబోయింది.

"అటు కాదు. అది పట్టీలవాళ్ళకి," అన్నాడు బావ. "నువ్వు కమ్మీల్లోంచి రావాలి."

"ఎవరూ లేరు కదండీ!"

"లేకపోతే మాత్రం? దారి దారే."

నాకు ఒళ్ళు మండింది. "బావా, నీకు దణ్ణం పెడతాను, రానియ్!"

"నువ్వు మీట చూసుకో."

అక్క పళ్ళు నూరుకుంటూ మొదటి మలుపు తిరిగింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆరో మలుపులో ఉండగా నలుగురు పట్టీలవాళ్ళు పక్క గేటులోంచి వచ్చి ఎక్కేశారు. ఇరవై నాలుగు పెట్టెల వీల్. ఒక్క పెట్టెలో మనుషులు, మిగతా ఇరవై మూడింట్లో గాలి. వాళ్ళకి నచ్చి ఇంకో రౌండు కూడా వేయించుకున్నారు. వాళ్ళు దిగేసరికి అక్క తాడు దగ్గరికి చేరింది. బావ కొక్కెం తీయబోతుండగా ఒక కొత్త జంట పక్క గేటులోంచి చేతులు పట్టుకుని వచ్చింది. బావ కొక్కెం మళ్ళీ తగిలించాడు. అక్క చూసిన చూపుకి నేనైతే ఆ పూటే రాజీనామా ఇచ్చేవాణ్ణి.

ఆ జంట మూడు రౌండ్లు తిరిగింది. ఈలోగా పట్టీలవాళ్ళకి ఆటలన్నీ అయిపోయాయి. ఎక్కడా ఆగనక్కర్లేకపోతే పార్కు గంటలో అయిపోతుంది మరి. ఏం తోచక తిరుగుతున్న ఒక లావుపాటాయన, తాడు ముందు సంచీ పట్టుకుని పట్టుదలగా నిలబడ్డ మా అక్కని చూశాడు.

"ఇక్కడ దేనికండీ లైను?"

"ఇరవై ఆరేళ్ళ నించి ఉన్నాను. మీరే చూస్తారు," అంది అక్క, మండిపోతూ.

అదేదో గొప్ప విషయమనుకుని ఆయన అక్క వెనక నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఆయన భార్య, వాళ్ళని చూసి ఇంకో కుటుంబం. లైను లేకపోవడానికి మూడింతలు కట్టిన జనం కమ్మీల మధ్య ఎనిమిది మలుపుల దాకా నిండిపోయారు. ఒకాయన పక్క గేటులోంచి రాబోతే అందరూ కలిసి కేకలేశారు. "ఇక్కడ లైనుంది, కనబడట్లేదా?" బావ కళ్ళు చెమర్చాయి.

కొత్త జంట దిగింది. మేనేజరు ఆదరాబాదరాగా వచ్చాడు.

"మాస్టారూ, ఇంత లైనుండగా మీ ఆవిడ ఎక్కకూడదు. రూలు."

బావ ఇరవై ఆరేళ్ళలో మేనేజరుకి ఎదురు చెప్పలేదు. గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ వచ్చినప్పుడు లైనులో ఎవరూ లేరు సార్. లైను ఆవిడ వెనక మొదలైంది."

"ముందొచ్చింది ఆవిడే!" అన్నారు వెనకవాళ్ళు. మేనేజరు పక్కకి తప్పుకున్నాడు.

బావ కొక్కెం తీశాడు. అక్క కదలలేదు. "మీరూ రండి."

"మరి లైను?"

అక్క తాడు లాక్కుని లావుపాటాయన చేతిలో పెట్టింది. బావ ఆయనకి, "ఎవర్నీ దూరనివ్వకండి" అని అప్పజెప్పి ఎక్కాడు. ఆయన ఆ కొక్కేన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

అప్పటికి బాగా చీకటిపడింది. వాళ్ళ పెట్టె పైకి చేరాక వీల్ ఆపాను. ఆపమని నాకెవరూ చెప్పలేదు. కిందున్న అరవై మందీ తలలెత్తి చూస్తున్నారు. పైనించి అక్క గొంతు పార్కంతా వినబడింది.

"అయ్యో, ఏమండీ! వంటింట్లో లైటు వెలుగుతోంది! ఆర్పకుండా ఎలా వచ్చారు?"

నాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళకి దొరికాడు, ఇంక ఇంటి దాకా చీవాట్లే అనుకున్నాను. తీరా దిగాక చూస్తే అక్క కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏం బావా, ఈసారి మర్చిపోయావా?" అన్నాను.

"మర్చిపోతానా?" అన్నాడు, లావుపాటాయన దగ్గర తాడు తీసుకుంటూ. "అన్నీ ఒక్కలాంటి మేడలే. చీకట్లో మనదేదో మీ అక్కకి తెలియాలి కదరా."

ఆ తర్వాత ఈల ఊది, "ఊఁ, తర్వాత ఎవరు?" అన్నాడు.