పద్దెనిమిది నిమిషాల పాట

డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ మీద మోజుతో మా స్నేహితుడు తన బ్యాండుతో ఒక ఆల్బమ్ చేసి, ఎలా ఉందో చెప్పమని నాకు పంపాడు. చిక్కబళ్ళాపురంలో బాగేపల్లి బస్సెక్కి రెండు నిమిషాలు విన్నాను. "పాత చింతకాయ పచ్చడిరా" అని మెసేజ్ పెట్టేశాను. పొగరనుకోండి. పాట ఆపడానికి కూడా బద్ధకించి అలాగే వదిలేశాను.

పక్క సీట్లో, ఖాళీ పాలక్యాను ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దమనిషి, "ఏం పాటప్పా అది? నాకూ ఒక చెవికి ఇస్తావా?" అన్నాడు. "మా స్నేహితుడి బ్యాండుది" అంటూ ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. క్యాను మూత మీద ఆయన వేళ్ళు ఏడేసి దెబ్బల లెక్కన కదిలాయి. పాటలో లెక్క మారిన ప్రతిసారీ, ముందే తెలిసినట్టు అవీ మారాయి. పద్దెనిమిది నిమిషాల పాటను చివరిదాకా విన్నాడు.

"మేమూ ఇట్లాంటివి కట్టినామప్పా, ఆర్కెస్ట్రాలో ఉన్నప్పుడు. ఆ కాలం పొయ్యింది, ఎవురు వింటారు అన్నారు. కీబోర్డు అమ్మేసినా."

పేరేసంద్రలో దిగబోతూ ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఈ పిల్లోళ్ళకు ఆ మాట ఎవురూ చెప్పినట్టు లేదు. బతికిపోయినారు."

మెసేజ్ చెరిపేద్దామని ఫోన్ తీశాను. దాని పక్కన నీలం టిక్కులు పడి ఉన్నాయి.