హోరు లేని క్యాసెట్

మా ఆవిడ విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్ళిన ఏడాది, నేను భిలాయిలో హెల్మెట్ లోపల నాలో నేను మాట్లాడుకుంటూ మోటారుసైకిలు మీద తిరిగాను. పిచ్చోడి వ్యవహారంలా ఉంటుంది. మార్కెట్లో అలాగే అనుకున్నారు కూడా.

మాది సెక్టార్ మార్కెట్లో స్టీలు గిన్నెల కొట్టు. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టాడు. బాబాయిలు, మావయ్యలు అందరూ కొట్లవాళ్ళే. మా ఇళ్ళల్లో పిల్లలకి అమ్మా నాన్నా అనడం వచ్చీ రాగానే 'అంతెందుకూ' అనడం వచ్చేస్తుంది. పెళ్ళిచూపుల్లో కాఫీ ఎలా ఉందని అడిగితే నేను 'పర్లేదు' అన్నానట. బాగుందంటే రేటు పెంచుతారని నేను భయపడి ఉంటానని మా ఆవిడ చాలా ఏళ్ళు అందరిముందూ నన్ను ఆడిపోసుకుంది. నిజమే అయుంటుంది.

ఆవిడది శ్రీకాకుళం దగ్గర ఊరు. నర్సు. పెళ్ళయి భిలాయి వచ్చాక ఇక్కడో నర్సింగ్ హోంలో చేసేది. కొత్త రాష్ట్రం వచ్చి, కొట్ల బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపేసి ఛత్తీస్‌గఢ్ రాయించుకుంటున్న రోజుల్లో, ఆవిడకి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళు చేసి చూశాక, ఉంటానని సంతకం పెడితే అది పర్మనెంటు. పెట్టకపోతే తిరిగి రావచ్చు, ఇక్కడి పని ఎక్కడికీ పోదు.

వెళ్ళేముందు నన్నడిగింది, ఏం చెయ్యమంటారని. వద్దనడానికి నోరు రాలేదు, వెళ్ళమనడానికి మనసు రాలేదు. "నీ ఇష్టం మరి" అన్నాను. కొట్లో ఈ మాట మేం వాడేది సరుకు వదిలి వెళ్ళిపోతున్న మనిషిని వెనక్కి తిప్పడానికి. ఆవిడ తిరగలేదు. రైలెక్కింది.

ఆదివారం పొద్దున్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాణ్ణి. అద్దం లోపల బిల్లు తాలూకు ఎర్ర అంకెలు పరిగెడుతుంటే నా కళ్ళు వాటిమీదే. అన్నం తిన్నావా, ఒంట్లో బాగుందా, డ్యూటీ ఎప్పుడు, సరే ఉంటాను. ఓ ఆదివారం ఆవిడ అంది కదా:

"ఏటండీ, ఫోన్లో గిన్నెలు తూచినట్టు మాటాడతారు? బండిమీదయితే మీరు వేరే మనిషి. అలగ మాటాడి క్యాసెట్టు పంపండి."

ఆవిడ పట్టుకుంది సరిగ్గానే పట్టుకుంది. సాయంకాలాలు ఇద్దరం మరోదా ఊరి మీదుగా ఉతై దాకా బండిమీద పోయి వచ్చేవాళ్ళం. ఎదుటి మొహం కనిపిస్తే నేను ఊరుకోలేను, బేరంలో ఎంతవరకు దిగుతాడో అని లెక్క కట్టేస్తాను. బండిమీద ఆవిడ నా వెనక ఉండేది. ఎదర రోడ్డు తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడు నా నోట్లోంచి మామూలు మాటలు వచ్చేవి. నాన్న పోయినప్పుడు ఏడవలేకపోయానని ఆవిడకి చెప్పింది కూడా మరోదా దాటాక, ఓ లారీ వెనకాల.

అంచేత బండిమీదే చెప్పాలనుకున్నాను, వచ్చేయమని.

పవర్‌హౌస్ మార్కెట్లో పాత సామాన్లమ్మే ఆయన దగ్గర జేబులో పట్టే టేపురికార్డరు, దానికి కాలరుకి గుచ్చుకునే చిన్న మైకు దొరికాయి.

"గానే భీ రికార్డ్ కర్తా హై, భయ్యా" అన్నాడాయన గొప్పగా.

"నాకు పాటలక్కర్లేదు, మాటలు పడితే చాలు. పాటల రేటు తీసేసి చెప్పు" అన్నాను హిందీలో. ఆయన నావంక అదోలా చూసి తగ్గించాడు. ఇంటికొచ్చేదాకా ఆ సంబరంలో ఉన్నాను. ఇంటికొచ్చాక చెప్పుకోడానికి ఎవరూ లేరు.

మొదటిసారి మైకు కాలరుకే గుచ్చుకుని ఉతై దాకా వెళ్ళి, మనసులో ఉన్నదంతా చెప్పుకొచ్చాను. ఇంటికొచ్చి వింటే ఒకటే హోరు. మధ్యలో ఎక్కడో 'కూర' అన్న మాట ఒక్కటి దొరికింది. మైకు హెల్మెట్ లోపలికి తీసుకెళ్ళి మూతికెదురుగా కట్టాను. హోరు తగ్గింది గానీ ప్రతి మాటకీ పాము బుసకొట్టినట్టు ఊపిరి. ఆ క్యాసెట్టే పంపాను. విశాఖ రైల్లో డ్యూటీకెళ్ళే తెలిసిన రైల్వే ఆయన చేతికిచ్చాను. తర్వాతి ఆదివారం ఆవిడ, "ఆయాసం ఏటండీ అంతలాగ? ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి" అంది.

నవ్వొచ్చింది గానీ పంతం కూడా వచ్చింది. మైకు నోటికెదురుగా కాకుండా పక్కకి, బుగ్గ దగ్గర మెత్తలో దూర్చాను. దానికి తొడగడానికి మెత్తటిదేదైనా కావాలని ఇల్లంతా వెతికితే ఆవిడ వదిలేసి వెళ్ళిన పౌడరు డబ్బాలో పఫ్ఫు కనపడింది. ఓ ముక్క కత్తిరించి చుట్టాను. హెల్మెట్ పెట్టుకుంటే ఇంట్లో ఆవిడ తయారవుతున్నప్పటి వాసన. ఆ వాసనలో చాలాసేపు బండి తీయకుండానే కూర్చున్నాను. ఇంకా గాలి ఎటునుంచి దూరుతోందా అని చూస్తే, గడ్డం కిందనుంచి. మెడచుట్టూ తువ్వాలు, ఇక్కడివాళ్ళ గమ్ఛా, బిగించి ఆ సందు మూశాను. రికార్డరు చొక్కా జేబులో ఉంటే ఇంజను అదురుకి టేపులో గొంతు సాగిపోతోంది. స్వెట్టరు లోపల ఛాతీకి ఆనించి కట్టుకున్నాను. మేలో స్వెట్టరు. మా కొట్టు పక్క బట్టలాయన చూసి, "సేఠ్, ఏ దుకాణంలో కొన్నావో గానీ బాగా మోసపోయావు, చలికాలం ఇంకా రాలేదు" అన్నాడు.

ఉతై సంతలో ఆగితే కూరలమ్మే ముసలమ్మ, "కాకర్ సంగ్ గోఠియావత్ హస్, భయ్యా?" అని అడిగింది. ఎవరితో మాట్లాడుతున్నావు నాయనా అని. ఇంటావిడతో అన్నాను. ముసలమ్మ నా వెనక ఖాళీ సీటు చూసి, ఇంకేమీ అనకుండా వంకాయలు ఓ రెండు ఎక్కువ వేసింది. నేను అడక్కుండా కొసరు పుచ్చుకోవడం జీవితంలో అదే మొదలు.

సంతకం పెట్టే గడువు దగ్గర పడింది. ఆ వారం గాలి లేని ఓ పొద్దున్న, మూడో గేరు దాటకుండా వెళ్ళి చెప్పాను. ఇల్లు ఎలా ఉందో, తాళం తీసేటప్పుడు చప్పుడు ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పాను. చివరికి, "నువ్వేం తేల్చుకున్నా సరే, నేను చెప్పేది ఒక్కటే" అంటూండగా బండి గోతిలో పడి లేచింది. రికార్డరు ఆగిపోయిందేమోనని భయం. స్వెట్టరు మీదనుంచి తడిమి చూశాను, బొత్తాం నొక్కే ఉంది. "చాలూ... చాలూ" అని పైకే అనుకుని నిమ్మళించి, తర్వాత చెప్పాల్సింది చెప్పాను. వచ్చేయ్, నువ్వు లేకపోతే నాకు బాగాలేదు, అని. అలాంటి మాట నేను అంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇంటికి తిరిగొచ్చి, మొదట్లో కాస్త విన్నాను. గదిలో కూర్చుని చెప్పినంత స్పష్టంగా ఉంది. మిగతాది వినడానికి సిగ్గేసి, రైల్వే ఆయనకి ఇచ్చేశాను.

ఆదివారం ఫోన్ చేస్తే, "సంతకం పెట్టేశానండీ" అంది.

"అదేంటి? క్యాసెట్టు అందలేదా?"

"అందింది. విన్నాకే పెట్టాను. మీరే అన్నారు కదా."

"నేనేమన్నాను?"

"నేనేం తేల్చుకున్నా సరే, చెప్పేది ఒక్కటే అన్నారు. చాలు, చాలు అన్నారు. అక్కడితో అయిపోయింది. ఎంత బాగా వినబడిందో. పక్కన కూచుని చెప్పినట్టే ఉంది."

టేపు ఆ వైపు అక్కడితో అయిపోయిందన్నమాట. బొత్తాం టక్కుమని లేచిన చప్పుడు హెల్మెట్లో నాకు వినపడలేదు. వెనకటి హోరే ఉంటే ఏమన్నారో అర్థం కాలేదని అడిగేది.

"అది చాలు కాదే! చాలూ! మిషను చాలూ ఉందని!"

పుట్టింది మొదలు మాకు ఫ్యాను చాలూ, మోటారు చాలూ, కొట్టు చాలూ. ఇక్కడి హిందీవాళ్ళలాగే, నడుస్తున్న ప్రతిదీ చాలూయే. ఆవిడ ఊళ్ళో ఆ మాట విస్తట్లో వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి అనేది.

అవతల నవ్వు మొదలైంది. "మీ భిలాయోళ్ళ తెలుగు తగలెయ్య" అంటూ దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వాగాక మెల్లిగా, "మరి ఆ ఒక్కటీ ఏటి?" అంది.

బయట ఎవరో అద్దం మీద కొడుతున్నారు.

"వచ్చేయమన్నాను."

"సంతకం అయిపోయిందండీ. అయితే నేను అడుగుతాను. మీరు వచ్చేయండి."

"నేనా? కొట్టో?"

"ఇక్కడోళ్ళు గిన్నెల్లో వండుకోరా ఏటి?"

సరే అనడానికి ఒక్క క్షణం పట్టేది. నేను అక్కడ అద్దెలు ఎలా ఉంటాయో అన్నాను, సరుకు కాస్త అమ్ముడుపోనీ అన్నాను, చివరికి "ఓసారి చూసొచ్చి చెప్తాను" అన్నాను.

మా కొట్లో 'చూసొస్తాం' అని వెళ్ళిన మనిషి మెట్టు దిగకముందే గిన్నె మళ్ళీ అరలో పెట్టేస్తాం. ఆవిడ ఎన్ని సాయంకాలాలు ఆ గల్లా దగ్గర కూచుందో.

"సరే లెండి" అంది. "బండి జాగ్రత్త." ఆవిడే ముందు ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత సెలవులకి ఆవిడ వచ్చేది, లేదా నేను వెళ్ళేవాణ్ణి. ఎవరు వెళ్ళినా, స్టేషన్లో సంచీ అందుకుంటూనే, తిరుగు టికెట్టు ఎప్పటికి అని రెండోవాళ్ళం అడిగేవాళ్ళం.