సూది వేసిన తర్వాతి అరగంట

నిన్న ఉదయం ఏడుంబావుకు మా వార్డులో ఇన్సులిన్ సీసా ఒకటి చేయి జారి పగిలింది. కోరుట్లలో నేను పనిచేసే ఈ ఆసుపత్రిలో అదేమీ వింత కాదు. ఇన్సులిన్‌కు ఒక వాసన ఉంటుంది. గాయానికి వేసే కొత్త పట్టీని విప్పినప్పుడు వచ్చే వాసన లాంటిది. అది గదంతా నిండింది. కొత్తగా చేరిన అమ్మాయి గాజు ముక్కలు ఏరుతుంటే, నేను కిటికీ తెరవకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. లక్ష్మీరాజం సారు పోయి ఇంకా నెల నిండలేదు.

జగిత్యాల నర్సింగ్ స్కూల్లో ఆయన మాకు ఫార్మకాలజీ చెప్పేవారు. సొంత ఊరు సిరిసిల్ల. తండ్రి నూలుకు రంగులద్దే పని చేసేవారు. నేను రాయికల్ నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని. మందుల పేర్లు పలకాలంటేనే నోరు ఎండిపోయేది. మొదటి రోజు ఆయన మా అందరి చేత పుస్తకాలు మూయించారు.

“మా బాపు రంగు తొట్ల నూలు ముంచి ఇంటికి పోయి పండుకోడు. నడుమ నడుమ ఒక పోగు పైకి తీసి చూస్తడు. అదే రంగు, అదే తొట్టి. కని ఒక నూలు జల్ది పట్టుకుంటది, ఒకటి పట్టుకోదు. మందు గూడ గంతే. ఒంట్లకు ఎట్ల పోతది, ఎక్కడెక్కడ తిరుగుతది, కార్జం దాన్ని ఎట్ల మారుస్తది, ఆఖరికి ఎట్ల బయటికి పోతది. ముందు గీ నాలుగు ముచ్చట్లు తెల్వాలె. పేర్లు అవే అస్తయి.”

వెనక బెంచీలోంచి నా స్నేహితురాలు రజిత లేచింది. “సారూ, మేం నర్సులమైతమా, రంగులద్దేటోళ్లమైతమా?”

“నువ్వైతే రంగులకు పనికిరావు బిడ్డా. గంత ఓపిక నీకేడిది?” అన్నారు సారు. అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వకుండా, “నర్సుకు ఇంకా ఎక్కువ గావాలె” అన్నారు.

ఆ ఓపికను ఆయన మేం శిక్షణకు వెళ్లే ఆసుపత్రి వార్డులో నేర్పించారు. ఏ మందు ఎంతసేపటికి పని మొదలుపెడుతుందో పుస్తకంలో ఉంటుంది. సూది వేసిన విద్యార్థి అంతసేపూ ఆ మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవాలి. నాడి చూడాలి, ముఖం చూడాలి, మాట్లాడించాలి. వార్డు సిస్టర్‌కు ఇది నచ్చేది కాదు. “సారూ, మీ పిల్లలు పని ఇడిశిపెట్టి ముసలోళ్లతోని ముచ్చట్లు పెడుతున్నరు” అనేది. “గదే పని సిస్టర్” అనేవారాయన. ఆ మాటకు ఆమెకు మరింత కోపం వచ్చేది.

ఒక సోమవారం పొద్దున నేను మల్లవ్వ అనే ఆమెకు ఇన్సులిన్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. బీడీలు చుట్టే మనిషి, మాటకారి. కూతురికి నెలలు నిండాయని, రేపోమాపో కాన్పని చెబుతోంది. పాలు, బ్రెడ్డు వచ్చాయి. తినమన్నాను. “తింట తియ్యి” అంది. మళ్లీ చెప్పాను. “తింట తియ్యరాదు, నువ్వేం నా అత్తవా?” అని గదమాయించి, కొంగు కప్పి పక్కకు పెట్టింది. కాసేపటికి ఆమె మాట తడబడింది. నుదుటి మీద చెమట పట్టింది.

“ఉక్కకు చెమట పోస్తున్నది” అంది పక్క మంచం ఆమె. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది, వణుకుతోంది. ఉక్కపోత చెమటకు చేయి చల్లబడదు. రక్తంలో చక్కెర పడిపోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే మైకం కమ్ముతుంది, ఆ తర్వాత ప్రాణానికే ముప్పు. సారును కేకేసి, గ్లాసులో చక్కెర కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆమె విసిరికొట్టింది.

“ఒక్కపొద్దున్న! రాజన్న దేవునికి మొక్కిన. నా బిడ్డ కాన్పు మంచిగ గావాలె. పొద్దుగూకేదాంక ఏం ముట్ట!”

సిస్టర్ గ్లూకోజ్ సీసా కోసం పరుగెత్తింది. సారు ఇంకో గ్లాసు కలిపి మంచం అంచున కూర్చున్నారు. “అవ్వా, నీ మొక్కు నేను కాదంటలేను. కని కాన్పైనంక పిల్లకు నీళ్లు పోసేదెవలు? నేను పొయ్యాల్నా?”

“నీకేం అస్తది సారూ” అంది మత్తుగా.

“రాదు గదా. మరి నువ్వుండాలె. ఇది తాగు. రాజన్న అడిగితే సారు బలిమికి తాగిపిచ్చిండని చెప్పు. పాపం నాకే రానీ.”

మల్లవ్వ ఆయన ముఖం కేసి చూసింది. తర్వాత తాగింది. సిస్టర్ సీసాతో వచ్చేసరికి వణుకు తగ్గుతోంది. కొద్దిసేపటికి బ్రెడ్డు కూడా తింది, మమ్మల్ని తిడుతూనే.

నేను బయట నిలబడి ఏడ్చాను. సారు వచ్చి, “ఏం తినాలె, ఎప్పుడు తినాలె అని చెప్పినవ్. మంచిదే. ఇగ నుంచి సూది ఎయ్యకముందే ఒక్కపొద్దున్నవా అని గూడ అడుగు. గిది పుస్తకం రాసినోళ్లకు తెల్వది, మన దగ్గర పుట్టినోళ్లకు తెలుస్తది” అన్నారు. అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగకుండా నేను ఎవరికీ ఇన్సులిన్ ఇవ్వలేదు. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలూ అడుగుతారు. సోమవారాలు, శనివారాలు, రంజాన్ నెలలో మరీ జాగ్రత్తగా అడుగుతారు.

పోయినేడు సిరిసిల్లకు వెళ్లి ఆయనను చూశాను. చుట్టూ మరమగ్గాల చప్పుడు, గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు. చాలా చిక్కిపోయారు. మా వార్డు గురించి అన్నీ అడిగి, చివరికి, “ఇంకా కూసుంటున్నరా?” అన్నారు. అబద్ధం చెప్పాలనిపించలేదు. ఒక్క నర్సుకు వార్డంతా అప్పగిస్తున్నారని, ఒక మంచం దగ్గర సూది వేసేసరికి ఇంకో మంచం నుంచి పిలుస్తారని చెప్పాను. ఆయన, “మరి పోగు ఎవలు తీసి చూస్తున్నరు బిడ్డా?” అన్నారు. ఆయన చాయ్ తెమ్మని కోడలిని కేకేశారు.

మనుషుల్ని పెంచమని మా యాజమాన్యాన్ని రెండుసార్లు అడిగాను. చూద్దామన్నారు. మేం పాటించగలిగినంత పాటిస్తున్నాం. ఒక్కపొద్దా అని అడుగుతాం, సూది వేస్తాం, వీలైతే తిరిగి వచ్చి చూస్తాం. మా వార్డులో సూది వేశాక రోగి పక్కన ఇప్పుడెవరూ కూర్చోరు.